రాళ్ళులేని సీమలో రాయి

మా వీధి చివర కాపురమున్న విశ్రాంతోపాధ్యాయుని వద్ద ఒక పొడుము డబ్బీ కలదు. ఆయన పొడుము మానివేసి చాలకాలమైనది. డబ్బీని మాత్రము మానలేదు. రాజమహేంద్రవరమున కోటిలింగాల రేవు మెట్లమీద సాయంకాలము నలుగురును చేరి, కొబ్బరికాయ ధర మొదలుకొని లోకవ్యవహారముల వరకు అన్నింటిని ఒక కొలిక్కి తెచ్చిన పిమ్మట, మాస్టారు మెల్లగా బొడ్డునుండి ఆ డబ్బీని తీసి, మూత విప్పి, దూదిమీద పరుండబెట్టిన గోధుమవన్నె కణమునొకదానిని చూపును. అది పెసరగింజకంటె చిన్నది, ఒళ్ళంతయు ముళ్ళు. "ఆయ్, ఇదేనండి, మూడు రాత్రులు నన్ను నేలమీద పొర్లించేసింది" అని ఆయన చెప్పునపుడు ఆ కంఠమున బాధ యెంత యుండునో గర్వమును అంతయే యుండును. ఆయన యొక్కడే కాదు. ఒకరు కుంకుమభరిణలో, ఒకరు హోమియో మాత్రల సీసాలో, ఇట్లే తమ రాయిని దాచుకొనుట నేను చూచియున్నాను. శరీరమునుండి వెడలిన మరి దేనిని మనుష్యుడింత భద్రముగా నుంచుకొనును? ఊడిన పాలపండ్లనైనను పేడముద్దలో పెట్టి ఇంటికప్పుపైకి విసరివేయుదుము గదా! బహుశః పన్ను తనదని యెరుగును గనుక దానియందు వానికి ఆశ్చర్యము లేదు. రాయి తనదెట్లయ్యెనో తెలియదు గనుక దానిని పారవేయలేడు.

ఆ కణమును చూచినపుడెల్ల నన్నొక సందేహము వేధించును. ధవళేశ్వరము దాటి దిగువకు పోయినచో, గౌతమీ వసిష్ఠల నడుమ అంతర్వేది వరకును, ఆవల నరసాపురము భీమవరముల వైపునను, నేలలో రాయి యనునది కానరాదు. అమలాపురపు రైతు తన నాగలికి రాయి తగిలెనని చెప్పగా విన్నవాడెవడు? నది యుగయుగములుగా మోసికొనివచ్చి పరచిన ఒండ్రే అచటి భూమి. రుబ్బురోలు కావలసినను, గుడిముందు బలిపీఠము కావలసినను, రాయి ఎగువనుండి దిగవలసినదే. కాటన్ దొర ఆనకట్టకు ధవళేశ్వరమును ఎన్నుకొనుటకు గల కారణములలో అచటి కొండలు చేరువనుండుటయు నొకటి; 1847లో మొదలై 1852లో ముగిసిన ఆ కట్టడమునకు రాయి ఆ కొండలనుండియే తీసిరి. అట్టి సీమలో, అడుగడుగునకును కాలువయు, ఇంటింటి వెనుకను కోనేరో చెరువో గల మెత్తని నేలలో, మనుష్యుని గర్భమున రాయి యెట్లు పుట్టినది? వెలుపలనుండి పోయినదా? పోయినచో ఏ ద్వారమున? లోపలనే మొలచినదా? మొలచినచో ఏ విత్తనమునుండి?

మా అమ్మమ్మగారికి ఈ విషయమున సందేహమే లేకుండెను. ఆమె మధ్యాహ్నము అరుగుమీద చేట ముందుంచుకొని బియ్యములోని మట్టిబెడ్డలు ఏరుచు, పక్కన చేరిన పిల్లలతో, "చూసుకు తినాలర్రా, బెడ్డలు మింగితే అవే లోపల కూర్చుని పెరుగుతాయి" అనెడిది. వినుటకు సయుక్తికముగనే యుండెను. కాని మ్రింగిన బెడ్డ ప్రేవుల దారినే వచ్చి ప్రేవుల దారినే పోవును. మూత్రపిండములకు పోవు మార్గము రక్తమార్గము, అందు కరగినదానికి తప్ప మరి దేనికిని ప్రవేశము లేదు. బెడ్డ యెంత చిన్నదైనను బెడ్డగా ఆ గడప దాటజాలదు. అమ్మమ్మ సిద్ధాంతము చెల్లకపోయినను రేవు మెట్లమీద సిద్ధాంతములకు కొదువలేదు. టమాటా గింజలని యొకరు, తాంబూలపు సున్నమని యొకరు, బోరునీరని పలువురు. వీనిలో బోరునీటి వాదమునకు కొంత గౌరవము చూపవలసియున్నది. ఏలయన, నీళ్ళు కాచిన కాగులో తెల్లని సున్నపు పెచ్చు కట్టుట ప్రతి గృహిణియు చూచినదే, కాగులో కట్టినది కడుపులో కట్టదా యని యడుగుట సహజమే. అయినను కఠినజలము త్రాగువారికే రాళ్ళు హెచ్చని ఇంతవరకు ఎవరును గట్టిగా నిరూపింపజాలకపోయిరి. మాస్టారన్ననో, పుట్టి బుద్ధెరిగిన నాటినుండియు గోదావరినీరు త్రాగినవారే. వెలుపలినుండి వచ్చిన దోషమనినచో మనసునకు ఊరట గలుగును. టమాటాను తిట్టవచ్చును, బోరును పూడ్చవచ్చును. అందుచేతనే కాబోలు, ఈ వాదములకు చావులేదు.

ఆషాఢము వచ్చెననగా గోదావరికి ఎర్రనీరు దిగును. పంపులు రాకమునుపు ఆ దినములలో కాలువనీటిని బిందెలతో తెచ్చి కుండలో పోసి, చిల్లగింజను అరగదీసి కలిపి వదలుట మా ఇండ్ల ఆచారము. రాత్రి కావిరంగున నున్న నీరు తెల్లవారునప్పటికి తేరుకొని, అడుగున ఎర్రని అడుసు పేరియుండెడిది. చిల్లగింజ మంత్రమేమియు వేయలేదు. విడివిడిగా తేలాడుచున్న రేణువులను ఒకదానితో నొకటి కూర్చినది, కూడినవి బరువెక్కి అడుగంటినవి, అంతియే. ఆ కుండ నాకేల జ్ఞప్తికి వచ్చెననగా, సుశ్రుతసంహిత నిదానస్థానమున అశ్మరీ ప్రకరణము చదువుచుండగా ఒక కుండ యెదురైనది. కొత్తకుండలో పోసిన తేటనీటికి సైతము కాలము గడచినకొలది అడుగున పంకము చేరును గదా, అశ్మరి పుట్టుటయు నట్టిదే యని ఆ మహర్షి చెప్పుచున్నాడు. మురికినీటికి కాదు సుడీ, తేటనీటికి! కంటికి కనబడనిది కాలముచేత కనబడునది యగుననుటలోని సూక్ష్మదృష్టి నన్ను చాలసేపు ముందుకు కదలనీయలేదు. ఆ వెనుక ఆయన చేసిన రూపవర్ణన మరియు చిత్రము: వాతమువలన పుట్టినది కడిమిపువ్వువలె ముళ్ళతో నుండుననియు, పిత్తజము నల్లజీడిగింజను పోలుననియు, శ్లేష్మజము తెల్లగా నున్నగా కోడిగ్రుడ్డంత పెరుగుననియు. మరుసటి సాయంకాలము మాస్టారి డబ్బీని మరల తెరిపించి చూచితిని. కడిమిపువ్వే, కాకున్న కొలతయే తక్కువ.

నేటి రసాయనజ్ఞులు ఈ మాటనే మరియొక పరిభాషలో చెప్పుదురు. ఎంత నీటిలో ఏ లవణమెంత కరగునో దానికొక హద్దు గలదు. హద్దు మీరినచో స్ఫటికము కట్టును. మూత్రపిండములలోని రాళ్ళు నూటికి సుమారు 80 కాల్షియం చేరినవి. వానిలోను ఆక్సలేట్‌తో కూడినవే హెచ్చు. కొన్ని యూరిక్ ఆమ్లమువి. కొన్ని, మూత్రమార్గమున సూక్ష్మజీవులు చేరుటచే కట్టినవి. వంశపారంపర్యముగ వచ్చు సిస్టిన్ రాళ్ళు మిక్కిలి అరుదు. ఇంతవరకు పాఠ్యపుస్తకపు మాట. నన్ను నిలువరించినది దాని ప్రక్కనున్న మరియొక విషయము. ఏ రోగమును లేని మనుష్యుని మూత్రమునందును, ఉత్త నీరు మోయగలిగిన దానికంటె హెచ్చుగనే కాల్షియం ఆక్సలేట్ తరచుగా నుండునట! అనగా మీలోను నాలోను ఆ హద్దు అనుదినము మీరుచునే యున్నది. అయినను రాయి కట్టుటలేదు. ఈ సంగతి తెలిసినది మొదలు నా ప్రశ్నయే తలక్రిందులైనది: మాస్టారికి రాయి యేల వచ్చెనని అడుగుటకు ముందు, రేవు మెట్లమీద కూర్చున్న తక్కినవారికి ఏల రాలేదని అడుగవలసియున్నది.

దానికి సమాధానము చిల్లగింజకు సరిగా విపర్యయము. చిల్లగింజ రేణువులను కూర్చును. మూత్రమున వానిని కూడనీయని పదార్థములు కొన్ని కాపున్నవి. వానిలో ముఖ్యమైనది సిట్రేట్, నిమ్మయు దబ్బయు నారింజయు పుష్కలముగ నిచ్చునది. అది కాల్షియంను తానే పట్టుకొని ఆక్సలేట్ చేతికి చిక్కనీయదు. మెగ్నీషియం ఆక్సలేట్‌ను పట్టుకొనును. మూత్రపిండములు తామే స్రవించు మాంసకృత్తులు కొన్ని, పుట్టీపుట్టని స్ఫటికమును చుట్టుముట్టి పెరుగనీయవు. ఇంతమంది కాపలా యుండగా, నిమిషములలో కొట్టుకొనిపోవు ప్రవాహమున, ఒక కణము నిలిచి పెరుగుటకు చోటెక్కడ దొరకినది? 1937లో ఫిలడెల్ఫియాకు చెందిన అలెగ్జాండర్ రాండల్ అను వైద్యుడు మృతుల మూత్రపిండములను వరుసగా పరీక్షించి, వాని మొనలయొద్ద పలుచని తెల్లని పూతలను కనుగొనెను. అది కాల్షియం ఫాస్ఫేట్. కణజాలములో లోపలనే పేరి, పైపొర చిట్లినచోట బయటపడి, ఆ వెనుక ఆక్సలేట్ పట్టుకొని వ్రేలాడుటకు ఆధారమగుచున్నది. విత్తనమేదని నేనడిగిన ప్రశ్నకు ఇదొక ప్రత్యుత్తరము. ఆ పూత యేల పుట్టును అందురా? ఆ ప్రశ్న తెగలేదు. కుండ యడుగున కుండ యున్నట్లే యున్నది ఈ శాస్త్రము.

ఫాస్ఫేట్ అనగానే భీమవరము జ్ఞాపకము రాక తప్పదు. 1895లో ఆ యూర పుట్టి, ఈ రాజమహేంద్రవరమున కొంతకాలము చదివి, పిదప అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డులో ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి 1925లో ఒక పరీక్షావిధానమును ప్రకటించిరి. రక్తమునగాని మూత్రమునగాని ఫాస్ఫరస్ ఎంత యున్నదో, రసాయనములు కలుపగా తేలిన నీలివర్ణపు గాఢతనుబట్టి చెప్పు పద్ధతి యది. నీలము చిక్కనైనచో ఫాస్ఫరస్ హెచ్చు. ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతియను పేరున అది లోకమంతటను ప్రయోగశాలలలో నిలిచినది. పిదప ఆయన చేసిన ఘనకార్యములయెదుట ఈ నీలిరంగు చిన్నదే. ఆయనను తలచుకొనువారు దీనిని తలచుకొనుట తక్కువ. కాని నాకు ఇదియే యెక్కువ ప్రీతికరము. నీటిలో కనబడకుండ నున్నదానిని రంగు కట్టించి కంటికి చూపవలెనన్న ఆ పట్టుదల, కాలువనీటి కుండలయొద్ద పెరిగినవానికి సహజముగ నబ్బినదేమో యని ఊహింప వేడుక యగును. ఊహయే లెండి; ఆధారమేమియు లేదు.

ఇక భోజనముల సంగతి. మన యిండ్లలో కంద తరిగినవారి చేతులకు దురద; ఉడికీయుడకని కంద తిన్నవారికి గొంతు దురద. ఆ దురదకు కారణము కందలోని సూదులవంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికములు. మాస్టారి డబ్బీలోనిదియు ఆ జాతిదే! ఈ మాట రేవుయొద్ద పొరపాటున అంటినో లేదో, ఆ రాత్రినుండి మూడిండ్లలో కందాబచ్చలి కూర ఆగిపోయెనని తెలిసి చాల చింతించితిని. స్ఫటికముగ కట్టియున్న ఆక్సలేట్ ప్రేవులలో అంతగా కరగదు; చాలవరకు వచ్చిన దారినే పోవును. కరగియున్నదే రక్తమున చేరును. అది పాలకూర, తోటకూర, బచ్చలివంటి ఆకులలో మెండు. వైద్యులు వారించునది, రాయి వచ్చినవారు వీనిని మితిమీరి తినుటనే. దీనికంటె పెద్ద అపోహ మరియొకటి కలదు. రాయి కాల్షియంది గనుక కాల్షియం మానవలెనని, పాలు పెరుగు విడిచిపెట్టినవారెందరో. వైద్యులును ఒకప్పుడట్లే చెప్పిరి. తీరా 1993లో అమెరికాలో 45 వేలకు పైబడిన పురుషుల ఆహారమును నాలుగేండ్లు గమనించి చూడగా, భోజనమున కాల్షియం హెచ్చుగ తినువారికే రాళ్ళు తక్కువగ వచ్చినట్లు తేలినది. పెరుగులోని కాల్షియం ప్రేవులలోనే ఆక్సలేట్‌ను పట్టి బంధించును; పెరుగు మానినచో ఆక్సలేట్ అడ్డులేక లోపలికి పోవును. 2002లో ఇటలీలోని పార్మా వైద్యులు 120 మందిపై ఐదేండ్లు పరీక్షించి, కాల్షియం తగ్గించినవారికంటె, దానిని తగ్గింపక ఉప్పును మాంసమును తగ్గించినవారికి రాళ్ళు మరల వచ్చుట సుమారు సగమే యని చూపిరి. ఉప్పు హెచ్చినకొలది మూత్రమున కాల్షియం హెచ్చును. ఆవకాయయు ఎండుచేపయు లేనిదే ముద్ద దిగని మన డెల్టాకు ఈ మాట రుచింపదని యెరుగుదును. తోటకూర పులుసుతో తిని చివరకు పెరుగన్నముతో ముగించు మన పెద్దల విస్తరి మాత్రము, తెలిసియో తెలియకయో, ఈ శాస్త్రమునకు అనుకూలముగనే యున్నది.

అయినను ఉప్పును, కందను, బచ్చలిని ఎంత విచారించినను, విచారణ చివరకు నీటియొద్దకే వచ్చి నిలుచును. కరగినది కరగియుండుటకు కావలసినది నీరు. చాలినంత నీరు లేనిచో కాపలావారెందరున్నను ఏమి చేయగలరు? 1996లో ఆ పార్మా వైద్యులే, మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని రెండు జట్లుగ చేసి, ఒక జట్టువారిచేత రోజుకు రెండు లీటర్లకు తక్కువకాక మూత్రము వచ్చునట్లు నీరు త్రాగించిరి. ఐదేండ్లలో రెండవ జట్టున నూటికి 27 మందికి మరల రాయి వచ్చెను. నీరు త్రాగినవారిలో 12 మందికే. ఔషధము లేదు, పథ్యము లేదు. ఇంత సులభమైనచో గోదావరి మండలమున రాయి యేల? దాళ్వా కోతలు వచ్చు చైత్రవైశాఖములలో చేలవైపు పోయి చూచినవారికి దీని సమాధానము దొరకును. ఎండ నెత్తిన మండుచుండ, ఒంటినుండి చెమట ధారలు కట్టుచుండ, కొడవలి పట్టిన చేయి మంచినీళ్ళ బిందెవైపు చాచుట యెంత తక్కువయో! ఊడ్పులకాలమున ఇంకను చిత్రము. మోకాలిలోతు నీటిలో వంగి ప్రొద్దుగూకువరకు నాటుచున్న ఆడుకూలీలు ఉదయమునుండి గ్రుక్కెడు నీరు త్రాగరు. ఏమమ్మా, అంత దప్పిక యెట్లు ఓర్చుకొనుచున్నారని ఒకామెను అడిగితిని. "తాగితే వెళ్ళాలి కదండీ, ఈ చేలో ఎక్కడికి వెళ్తాం?" అని ఆమె నాటు ఆపకయే అన్నది. నేను గ్రంథములలో వెదకిన కారణము ఆ గట్టుమీద ఒక్క వాక్యములో దొరకినది. లారీ తోలువాడు, ఇటుకబట్టీ కూలి, బడిలో మరుగుదొడ్డి లేని ఆడపిల్ల, వీరందరు చెప్పునదియు అదే. నీరు లేక కాదు, త్రాగుటకు భయపడి.

వచ్చిన రాయిని పోగొట్టు ఉపాయములకు మన ఊళ్ళలో లోపము లేదు. అరటిదూట రసము, ఉలవకట్టు, కొండపిండి ఆకు, పల్లేరుకాయల కషాయము — ఎవరి నమ్మకము వారిది. మాస్టారు కొండపిండికి మ్రొక్కుచున్నారు. ఆయన మ్రొక్కు చెరుపుట నాకిష్టము లేదు గాని, కషాయముతోపాటు ఆయన త్రాగిన చెంబులకొలది నీటికిని సగము మ్రొక్కు చెల్లవలెనని నా తలంపు. ఐదు మిల్లీమీటర్లలోపు రాళ్ళలో అధికభాగము తమంతట తామే జారిపోవును. ఆ జారువేళ ఏ ఆకు చేతనుండునో ఆ ఆకునకు కీర్తి. పెద్దరాయి యైనచో శస్త్రము తప్పదనుకొన్న కాలమొకటి. సుశ్రుతుడు ఆ శస్త్రము చేయుటకు ముందు రాజానుమతి పొందుమన్నాడు, చేసినను బ్రదుకు సందేహమే గనుక. 1980లో మ్యూనిక్ వైద్యులు కత్తిలేకయే వెలుపలినుండి తరంగములతో రాయిని నుగ్గుచేసిరి. ఇప్పుడు రాజమహేంద్రవరమునను కాకినాడలోను ఆ వైద్యము సామాన్యమే. అయితే నుగ్గుచేసినది రాయినే గాని, అది పుట్టిన హేతువును కాదు. జాగ్రత్తపడనివారికి మరల వచ్చుట సర్వసాధారణము. ఇచట ఒక మాట చెప్పవలసియున్నది. శ్రీకాకుళము వైపు ఉద్దానమున ఎందరో పొలముకూలీల మూత్రపిండములను మెల్లగ ఎండించివేయుచున్న వ్యాధి ఇది కాదు. అందు రాయి లేదు, దాని కారణమును ఇంకను పూర్తిగ తేలలేదు. ఆ పేరు విని ఈ పొడుము డబ్బీవారు బెదరనక్కరలేదు. ఈ డబ్బీని చూచి ఆ దుఃఖమును తేలికపరుపను రాదు.

కావున డెల్టా ఆసాములకు నాదొక విన్నపము. ఈ యేటి సార్వా ఊడ్పులకు కూలి మాటలాడుకొనునప్పుడు, కూలిడబ్బుతోపాటు రెండు సంగతులు చేను గలవారి పూచీగ నిర్ణయించుకొనుడు: గట్టుమీద చెట్టునీడను మూతగల బిందెలో మంచినీళ్ళు, దానికి కొంత దూరమున ఆడువారికి నాలుగువైపుల దడి గల మరుగు. దడి కట్టుటకు ఒక మనిషికి ఒక పూట పని చాలును. కావలసిన కొబ్బరాకులు ప్రతి తోటలోను ఊరకే రాలి పడియున్నవి.